గీతాంజలి, మా బాబాయి షాపు, మా అక్క

ప్రతి సంక్రాంతికీ పాలకొల్లులో మా పాత బ్యాచ్ ఒకచోట చేరుతుంది. పందాలు, రొయ్యల రేట్లు, పిల్లల వీసాల కబుర్లు అయిపోయాక మాట పాటల మీదకి మళ్ళుతుంది, ఇళయరాజా దగ్గర ఆగుతుంది. ఈసారి కూడా ‘గీతాంజలి’ సినిమా పాటల్లో ఏది గొప్పదన్న పాత గొడవే లేచింది. ‘ఆమనీ పాడవే’ ముందు మిగతావన్నీ దిగదుడుపేనని ఒకడు బల్ల గుద్దాడు. ‘ఓ ప్రియా ప్రియా’ వింటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుందన్నాడు ఇంకొకడు. ‘జల్లంత కవ్వింత’ పేరెత్తేసరికి యాభై దాటిన మనుషులందరూ ఒక్కసారి చిత్రగారి పక్షం చేరిపోయారు. నేను ‘ఓం నమః’ అన్నాను. ఎప్పుడూ అదే అంటాను. ఎందుకని అడిగితే మాత్రం నలుగురిలో చెప్పలేను, అది మా అక్క సంగతి కాబట్టి. మొన్న అక్కనే అడిగాను, రాయనా అని. “రాసుకో. కాకపోతే ఏడుపుగొట్టు కథలా రాయకురా” అంది.

ముందు షాపు గురించి చెప్పాలి. మా బాబాయికి పాలకొల్లు బస్టాండు దగ్గర్లో క్యాసెట్ రికార్డింగ్ సెంటరు ఉండేది. పది అడుగుల గది. లోపల ఒక రికార్డు ప్లేయరు, రెండు డెక్కులు, ఒక ఆంప్లిఫయరు, గోడకి రెండు స్పీకరు బాక్సులు. కరెంటు ఓల్టేజి పడిపోతే పాట సాగిపోతుందని స్టెబిలైజరు ఒకటి, అదెప్పుడూ బుయ్యిమంటూ ఉండేది. జనం కాగితం మీద పాటల లిస్టు రాసుకుని వచ్చేవాళ్ళు. మేం ఖాళీ క్యాసెట్ మీద ఆ వరసలో ఎక్కించి ఇచ్చేవాళ్ళం. లోపల పెట్టే అట్ట మీద పాటల పేర్లు బాబాయి తన చేత్తో పచ్చ ఇంకుతో రాసేవాడు. గుండ్రటి అక్షరాలు, ‘ళ’ ఒక్కటి మాత్రం బారుగా సాగేది. చించినాడ వంతెన అప్పటికింకా లేదు. రాజోలు వైపు వాళ్ళు రేవు దాటి, ఇవతల బస్సెక్కి వచ్చి లిస్టు ఇచ్చి, కొబ్బరి పనో బట్టల పనో చూసుకుని, సాయంత్రం క్యాసెట్ జేబులో వేసుకుని పోయేవాళ్ళు.

రికార్డింగ్ అంటే ఇప్పటిలా కాపీ కొట్టి అతికించడం కాదు. గంట క్యాసెట్‌కి గంట పడుతుంది. రికార్డుని మెత్తటి గుడ్డతో తుడిచి, సూది దించే ముందు డెక్కులో రికార్డు బటను, పాజ్ బటను రెండూ నొక్కి పట్టుకోవాలి. సూది గీతలో పడ్డ చిన్న చప్పుడు అయ్యాక, పాట మొదలయ్యే లోపు పాజ్ వదలాలి. ఆ అర సెకనులోనే ఉంది పనితనమంతా. ముందే వదిలితే ‘టప్’మన్న చప్పుడు క్యాసెట్‌లోకి ఎక్కుతుంది, ఆలస్యమైతే పాట తల తెగుతుంది. తర్వాత మీటరు ముల్లు ఎర్రగీత దాటకుండా చూసుకోవాలి. బాలూగారు గొంతు పైకెత్తే చోటు మనకి ముందే తెలిసుండాలి, అక్కడికి రాకముందే లెవెల్ ఒక వెంట్రుకవాసి తగ్గించాలి. ఇలా ఎక్కించినవాడికి పాట కంఠతా రావటంతో పాటు, ఏ చోట ఎవరు ఊపిరి తీసుకున్నారో కూడా తెలిసిపోతుంది. ‘ఆమనీ పాడవే’ అంతా బాలూగారు ఒక్కరే. ఆ పాటలో ఆయన గొంతుని ఎంత కిందికి దించి పట్టుకున్నారో మీటరు ముల్లు చూసినవాడికి తెలుస్తుంది. సగం దాకా అది లేవనే లేవదు.

గీతాంజలి 1989 మేలో వచ్చింది. నా ఇంటర్ పరీక్షలు అయిపోయి ఖాళీగా ఉన్నాను, పొద్దున్నుంచి రాత్రి దాకా షాపులోనే. ఆ వేసవంతా ఆ ఏడు పాటలే. అరవై నిమిషాల క్యాసెట్ అడిగేవాళ్ళు ఎక్కువ. ఒకవైపు గీతాంజలి, రెండోవైపు అంతకుముందు ఏడాది వచ్చిన ‘అభినందన’. ఆ జోడీ ఎవరు మొదలుపెట్టారో గానీ డెల్టా అంతా పాకిపోయింది. చిక్కేంటంటే ఏడు పాటలూ ముప్పై నిమిషాల వైపులో ఇరికిస్తే చివరి పాటకి ఒక్కోసారి తోక తెగేది. బాబాయి మొదట్లో ‘ఓ పాపా లాలి’ చివర పెట్టాడు. ఒకరోజు పూలపల్లి నుంచి ఒక అమ్మాయి చంకలో పిల్లతో వచ్చి, “పాప నిద్రపోయే లోపే టక్కున ఆగిపోతోందండీ, ఉలిక్కిపడి లేస్తోంది” అంది. బాబాయి డబ్బులు తీసుకోకుండా మళ్ళీ ఎక్కించి ఇచ్చాడు. ఆ రోజు నుంచి చివరి చోటు ‘జగడ జగడం’దే. దాని తోక తెగినా ఎవరూ పట్టించుకోలేదు.

సినిమా మేం చూసింది మండువేసవిలో, ఫస్ట్ షో. మే నెలలో మా వైపు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు, అడుగున బురద తేలి పగిలిపోతుంది, రాత్రి పదకొండింటికి కూడా గోడలు వేడి కక్కుతుంటాయి. హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయంటే తిరుగుతున్నాయి. అలాంటి చోట కూర్చుని ఊటీ మంచు చూశాం. పీసీ శ్రీరామ్ కెమెరా. తెర నిండా మంచు, ఆ మంచులోంచి ఎర్ర శాలువానో గొడుగో మెల్లగా బయటికి రావటం. మాలో చాలామందికి మంచంటే ధనుర్మాసంలో వరిచేల మీద పట్టే పొగమంచే. అది పొద్దెక్కితే పోతుంది. ఇక్కడ మాత్రం రెండున్నర గంటలూ పోలేదు.

బొమ్మ చీకటిగా ఉందని జనం కేకలు పెట్టారు. అప్పట్లో ప్రొజెక్టర్లకి కార్బన్ కడ్డీలు ఉండేవి. రెండు కడ్డీల మధ్య మంట సరిగ్గా లేకపోతే తెర మసకబారుతుంది, వెంటనే హాలంతా “కార్బనూ... కార్బనూ...” అని అరుస్తుంది. పాపం ఆపరేటరు కడ్డీలు దగ్గరికి జరుపుతూనే ఉన్నాడు. ఆయన తప్పేం లేదు. బొమ్మ తీసిందే అలా. దీపం వెలుగుంటే దీపం వెలుగే, కిటికీలోంచి వచ్చే వెలుతురుంటే అదే. ఇంటర్వెల్ తర్వాత అరుపులు ఆగిపోయాయి. జనం కళ్ళు ఆ చీకటికి అలవాటు పడ్డాయని నేననుకుంటాను. కథలో పడ్డారని బాబాయి అనేవాడు.

కథ అందరికీ తెలిసిందే. హీరో ప్రకాష్‌కి (నాగార్జున) ఎక్కువ రోజులు లేవని డాక్టర్లు చెప్తారు. ఇంట్లో వాళ్ళ ఏడుపులు చూడలేక ఊటీ వెళ్తాడు. అక్కడ గీతాంజలి అనే అల్లరిపిల్ల. తీరా చూస్తే ఆ పిల్లకీ గుండెజబ్బు. మణిరత్నం తెలుగులో నేరుగా తీసిన సినిమా ఇదొక్కటే. ఇందులో విలన్ లేడు. పెద్దింటివాడు, పేదింటిది అన్న గోల లేదు. అడ్డం వచ్చేది చావొక్కటే. గీతాంజలిగా వేసిన గిరిజ ఇంగ్లండులో పుట్టిన అమ్మాయి. తెర మీద ఆమెకి గొంతిచ్చింది నటి రోహిణి. ఆ గొంతు లేకపోతే గీతాంజలి లేదని నా గట్టి నమ్మకం. బుంగమూతి పెట్టి కసిరేటప్పుడూ, అబ్బాయిల్ని “లేచిపోదామా” అని ఆటపట్టించేటప్పుడూ అది మన పక్కింటి పిల్ల గొంతు. పాలకొల్లు ఆడపిల్లలు వారం తిరక్కుండా ఆ మాట తీరు పట్టేశారు.

ఇక అక్క.

అక్కకి అప్పుడు ఇరవై ఏళ్ళు. చిన్నప్పుడు తరచూ గొంతు నొప్పి, జ్వరం వచ్చేవి. ఒకసారి మోకాళ్ళు, మణికట్లు వాచి మంచం దిగలేదు. అది రుమాటిక్ జ్వరం. కీళ్ళ నొప్పులు తగ్గిపోతాయి గానీ ఆ జ్వరం పోతూ పోతూ గుండె వాల్వుల్ని పాడుచేసి పోతుంది. ఆ రోజుల్లో మా వైపు పల్లెల్లో ఇలాంటి పిల్లలు చాలామంది ఉండేవాళ్ళు. పదహారేళ్ళకి అక్కకి మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. పద్దెనిమిదికి రాత్రిళ్ళు వెల్లకిలా పడుకోలేకపోయేది. మూడు దిళ్ళు పేర్చుకుని ఒరిగి కూర్చునేది, మధ్యరాత్రి దగ్గు. డిగ్రీ రెండో ఏడు మధ్యలో కాలేజీ మాన్పించేశారు. మూడు వారాలకోసారి కాంపౌండరు ఇంటికొచ్చి పెన్సిలిన్ ఇంజెక్షన్ చేసి వెళ్ళేవాడు. అది పెద్ద సూది, చిక్కటి మందు, రెండు రోజులు కుంటుకుంటూ నడిచేది. పక్కింటివాళ్ళు అడిగితే అమ్మ “బలానికి” అని చెప్పేది.

జబ్బు పేరు మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. సంబంధాలు చూస్తున్న పిల్ల. గుండెజబ్బని బయటికి పొక్కితే ఇంక అంతే. అక్కకీ చెప్పలేదు. “నీరసం”, “నెమ్ము”, “గాలి పడలేదు”. నానమ్మ తాయెత్తు కట్టించింది. నాన్న, బాబాయి మాట్లాడుకుంటుంటే నేను వెళ్తే ఆపేసేవాళ్ళు. నాకు సగం తెలుసు, అక్కకి పావు తెలుసు. ముగ్గురు పెద్దవాళ్ళకీ మొత్తం తెలుసు.

సినిమాకి అమ్మ, పిన్ని, అక్క, నేను వెళ్ళాం. ఏం సినిమానో అమ్మకి తెలీదు. పాటలు బాగున్నాయని, నాగార్జున ఉన్నాడని వచ్చింది. గీతాంజలి జబ్బు సంగతి బయటపడగానే నేను అమ్మ మొహం చూశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లేచి వెళ్ళిపోదామంటుందేమో అనుకున్నాను. అక్క మాత్రం ముందుకి వంగి, ముందు సీటు చెక్క మీద గడ్డం ఆనించి చూస్తోంది. దెయ్యాల ఆట పట్టించే సీన్లకి పకపకా నవ్వింది. నవ్వి దగ్గింది, దగ్గి మళ్ళీ నవ్వింది. అందరూ ఎప్పుడో ఒకప్పుడు పోయేవాళ్ళేనని ఆ పిల్ల తేలిగ్గా తేల్చేసే చోట హాలంతా గప్‌చుప్ అయిపోయింది. పిన్ని ఏడుస్తోంది. అక్క ఏడవలేదు.

రిక్షాలో ఇంటికొస్తుంటే ఎవరం మాట్లాడలేదు. గుడి సందు మలుపు తిరిగాక అక్క అంది: “ఆ పిల్లకి తన జబ్బేంటో తెలుసు. నాకెందుకు చెప్పరు?”

“నీకేం జబ్బే, నోర్ముయ్” అంది అమ్మ. కసురుకోవటంలో గొంతు వణికింది. అక్క ఇంకేం అడగలేదు. మర్నాడు నాన్న పక్కన కూర్చుని, ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు నేనూ లోపలే ఉంటాను, ఆయన చెప్పేది నేనూ వింటాను అంది. నాన్న చాలాసేపు పేపరు చూశాడు. సరేనన్నాడు.

డాక్టరు పెద్దాయన. అక్కని బయట కూర్చోమని అలవాటుగా అనబోయి, తను కదలకపోతే ఊరుకున్నాడు. మందుల చీటీ వెనక్కి తిప్పి గుండె బొమ్మ గీశాడు. ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే వాల్వు మూసుకుపోతోందని, తుప్పు పట్టిన తలుపులా సగమే తెరుచుకుంటోందని, అందుకే రక్తం వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో నిలబడుతోందని చెప్పాడు. పేరు కూడా చెప్పాడు, మైట్రల్ స్టెనోసిస్. అక్క ఆ పేరు రాయించుకుంది. ఆపరేషన్ ఉందా అంది. ఉందన్నాడు. బతుకుతానా అంది. చేయించుకుంటే చాలాకాలం అన్నాడు. ఈ రెండు ప్రశ్నలూ మా ఇంట్లో అంతవరకూ ఎవరూ అడగలేదు.

తర్వాత ఆయన స్టెతస్కోపు తీసి, నేను నోరు తెరుచుకుని చూస్తున్నానని కాబోలు, “విను” అని నా చెవులకి పెట్టాడు. అక్క నవ్వుతూ కూర్చుంది.

అంతకుముందు రోజు రాత్రి దాకా నేను ‘ఓం నమః’ ఎక్కిస్తూ ఉన్నాను. ఆ పాటకి ఇళయరాజా పెట్టిన దరువు గుండె చప్పుడు. లబ్ డబ్, లబ్ డబ్. మీటరు ముల్లు కూడా అలాగే రెండుసార్లు లేచి పడేది, చిన్నది ఒకటి, పెద్దది ఒకటి. దాని మీద జానకిగారు, బాలూగారు ఎంతో మెల్లగా, చెవి దగ్గర చెప్పుకున్నట్టు పాడతారు. వేటూరిగారు పల్లవిలోనే హృదయ లయలకి దణ్ణం పెట్టించారు. ఆ శుభ్రమైన చప్పుడే చెవిలో ఉంది నాకు. అక్క గుండెలో వినపడింది అది కాదు. మొదటి చప్పుడు గట్టిగా, చెంప మీద కొట్టినట్టుంది. రెండోది అయ్యాక నిశ్శబ్దం ఉండాల్సిన చోట గురగురమని సన్నగా ఒక మోత, దూరంగా బండి వెళ్తున్నట్టు. ఆ మోతే జబ్బని డాక్టరు చెప్పాడు. రక్తం ఇరుకు సందులోంచి దూరే చప్పుడట.

ఆ సాయంత్రం షాపుకెళ్ళి అదే పాట మళ్ళీ ఎక్కించాను, మార్టేరు నుంచి వచ్చిన ఎవరి లిస్టులోదో. ముల్లు లేచి పడుతోంది. ఆ రెండు దెబ్బల మధ్య ఖాళీ ఉంది చూడండి, నాకు అది వినపడింది. అంతవరకూ ఎన్నిసార్లు విన్నా ఆ ఖాళీని పట్టించుకోలేదు. ఇళయరాజా ఆ ఖాళీని నింపకుండా అలా వదిలేశాడు. వేరేవాళ్ళైతే అక్కడ ఏ తబలానో పడేసేవాళ్ళు. మా వాళ్ళు ‘ఆమనీ’ గొప్పదంటే నేను కాదనను. కానీ ఒక మనిషి గుండె సవ్యంగా కొట్టుకోవటం ఎంత అందమైన విషయమో చెప్పిన పాట నాకు ఇదొక్కటే దొరికింది.

అక్కకి ఈ పాటంటే నాకున్నంత పిచ్చి లేదు. తనది ‘జల్లంత కవ్వింత’. జూన్‌లో కాలువలు వదిలారు, తర్వాత వానలు పడ్డాయి. వసారాలో కూర్చుని టేప్ రికార్డరులో ఆ పాటే తిప్పి తిప్పి వేసేది. క్యాసెట్ వెనక్కి తిప్పటానికి బ్యాటరీలు దండగని పెన్సిలు పెట్టి తిప్పేది. అయినా సినిమాని ఊరికే వదలదు. “ఆ జబ్బున్నది వానలో అలా ఎగిరితే ఇంటర్వెల్ దాకా కూడా రాదురా. మెట్లెక్కుతుంటే ఒక్కసారైనా ఆగిందా? పడుకున్నప్పుడు ఒక్క దిండేసుకుంది!” అంటుంది ఇప్పటికీ. మరెందుకంత ఇష్టమంటే, “దాన్ని ఎవరూ జాలిగా చూడనివ్వదు కదా” అంటుంది.

ఆ సినిమా వల్లే మా ఇంట్లో నోళ్ళు తెరుచుకున్నాయని నేనంటాను. అక్క ఒప్పుకోదు. ఎప్పటికైనా అడిగేదాన్నే, ఆ రోజు అడిగానంతే అంటుంది. కావచ్చు. కానీ అడిగింది మాత్రం ఆ రిక్షాలోనే.

1990లో మద్రాసులో ఆపరేషన్ జరిగింది. పక్కటెముకల మధ్యనుంచి వెళ్ళి వాల్వుని వెడల్పు చేశారు. మాకు తమిళం రాదు, అక్కడి నర్సులకి తెలుగు అంతంతమాత్రం. అక్కకి కట్లు మార్చే నర్సు పనిచేసుకుంటూ ఏదో కూనిరాగం తీస్తుంటే వింటే ‘ఓ ప్రియా ప్రియా’. గీతాంజలి అప్పటికే తమిళంలోకి డబ్ అయి అక్కడా బ్రహ్మాండంగా ఆడింది. అక్క మంచం మీదనుంచి తెలుగులో అందుకుంది. ఆవిడ తమిళంలో, ఈవిడ తెలుగులో, ఊపిరి ఆడినంత మేరకి. మిగిలిన పది రోజులూ ఆ నర్సు మా మంచం దగ్గర ఎక్కువసేపు ఉండేది. ఆ సినిమాకి జాతీయ అవార్డు వచ్చిందని ఆ తర్వాత పేపర్లో చదివాం.

పెళ్ళిచూపులు ఇంకో రెండేళ్ళకి. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే కుటుంబం. పెద్దవాళ్ళు ముందే అనుకున్నారు, ఆపరేషన్ సంగతి తర్వాత నెమ్మదిగా చెప్దామని. కాఫీలు ఇచ్చాక అక్క కూర్చుని, “నాకు గుండె ఆపరేషన్ అయిందండీ. మందులు వాడాలి, ఎప్పటికీ” అంది. మా నాన్న కుర్చీలో అలా బిగుసుకుపోయాడు. బావ ఒకటే అడిగాడు: “ఆ మందులు అమలాపురంలో దొరుకుతాయా అండీ?” దొరుకుతాయని అక్క చెప్పింది. బావంటే నాకు ఇప్పటికీ గౌరవం ఆ ఒక్క మాటకి.

షాపు గురించి ఇంకొంచెం. పెళ్ళిళ్ళ వీడియోలు వచ్చాక గీతాంజలి పాటలకి రెండో జన్మ వచ్చింది. 90ల్లో మా వైపు ఏ పెళ్ళి క్యాసెట్ చూసినా తలంబ్రాల దగ్గరో అప్పగింతల దగ్గరో ‘ఓ ప్రియా ప్రియా’ వచ్చి తీరేది. అది విడిపోయే పాట, పెళ్ళిలో వేయకండయ్యా అని బాబాయి వీడియోవాళ్ళకి చెప్పి చెప్పి అలిసిపోయాడు. తీర్థాల్లో రికార్డింగ్ డాన్సులకి ‘జగడ జగడం’. 1996 నవంబరులో కోనసీమ తుపానుకి అక్కావాళ్ళ కొబ్బరితోట సగం పడిపోయింది, ఇంట్లోకి నీళ్ళొచ్చి క్యాసెట్లన్నీ నానిపోయాయి. నా దగ్గరున్నవి బూజు పట్టాయి. సీడీలొచ్చాక బాబాయి కొన్నాళ్ళు సెల్‌ఫోన్లకి పాటలెక్కించాడు, తర్వాత షాపు మూసేశాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. వేటూరిగారు 2010లో వెళ్ళిపోయారు. 2020 సెప్టెంబరులో బాలూగారు పోయినరోజు అక్క ఫోన్ చేసి ఏం మాట్లాడలేదు, వెనక ‘ఆమనీ పాడవే’ మోగుతోంది, పాట అయ్యాక పెట్టేసింది.

ఇప్పుడు ఆ పాటలు ఫోన్లో దొరుకుతున్నాయి, శుభ్రం చేసి, గీతల చప్పుడు తీసేసి. కొంతమంది పాతవాళ్ళు క్యాసెట్‌లో ఉన్న వెచ్చదనం లేదంటారు. నేను ఒప్పుకోను. మేం ఎక్కించిన క్యాసెట్లలో మేం ఎంత ప్రయత్నించినా వచ్చే బుస్సుమనే చప్పుడు నాకు తెలుసు. ఇప్పుడు ‘ఓం నమః’లో ఆ ఖాళీ నిజంగా ఖాళీగా ఉంది. మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒకసారి వినండి. నాకు లేనిదల్లా ఆ పచ్చ ఇంకు అట్టలు.

అక్కకి మొదట వెడల్పు చేసిన వాల్వు పదిహేనేళ్ళు పైనే పనిచేసింది. మళ్ళీ ఇరుకైతే ఈసారి తీసేసి లోహపు వాల్వు పెట్టారు. రక్తం పలచబడే మందు రోజూ వేసుకోవాలి, నెలనెలా రక్తపరీక్ష. ఆకుకూరలు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ తినకూడదు, మందు లెక్క తప్పుతుంది. గోంగూరంటే పడిచచ్చే మనిషి ఇప్పుడు కొలిచి తింటుంది. లోహపు వాల్వు మూసుకున్నప్పుడల్లా చిన్న చప్పుడవుతుంది. రాత్రి ఫ్యాను ఆపితే పక్కనున్నవాళ్ళకి వినపడుతుంది, టిక్ టిక్‌మని. మనవడు మొదటిసారి విన్నప్పుడు “అమ్మమ్మా, వాచీ ఎక్కడ దాచావ్?” అన్నాడట. మొన్న సంక్రాంతికి వాడికి సినిమా చూపించింది. వాడికి నచ్చింది దెయ్యాల ఆటొక్కటే.

చివర్లో ఇద్దర్నీ బతికుంచటం మీద మా బ్యాచ్‌లో ఇంకో గొడవ ఉంది. చంపేసి ఉంటే సినిమా ఇంకా గొప్పదయ్యేదని కొందరు మేధావుల వాదన. అక్క దగ్గర ఆ మాటెత్తితే మండిపడుతుంది. “చంపేసి ఉంటే అమ్మ నన్ను మళ్ళీ హాలు గుమ్మం తొక్కనిచ్చేదా?” అంటుంది. నేను అక్క పక్షమే.

ఒక మాట అడగాలని కూడా ఇదంతా రాశాను. పాలకొల్లు, నరసాపురం, రాజోలు, పెనుగొండ వైపు ఎవరింట్లోనైనా అటకల మీద పాత క్యాసెట్లు ఉంటే ఒకసారి దులిపి చూడండి. పచ్చ ఇంకుతో, ‘ళ’ బారుగా సాగదీసి రాసిన అట్ట కనపడితే నాకు చెప్పండి. టేపు తెగిపోయినా, బూజు పట్టినా పర్లేదు, అట్ట చాలు. ఖర్చులు నావే, నేనే వచ్చి తీసుకుంటాను.